పందికొక్కు ఇంగ్లిషు నేర్చింది

చిలకలూరిపేటలో ఓ పత్తి గింజల గోడౌన్. గోడవారన నిలబెట్టిన బస్తా పైకి నిండుగానే కనిపిస్తోంది. హమాలీ చెయ్యేసి లాగితే బరువే లేదు. అడుగున పిడికిలంత కన్నం, పక్కనే గచ్చు పగుల్లోంచి తోడిపోసిన పచ్చి మట్టి.

"పందికొక్కండీ. పిల్లి కూడా దీని జోలికి పోదు" అన్నాడు.

షావుకారు మనవడు ఫోన్లోంచి తలెత్తకుండానే, "బాండికూటా? అది ఆస్ట్రేలియాది కదా తాతా!" అన్నాడు.

అపోహ: బాండికూట్ ఆస్ట్రేలియా మాట.

వాస్తవం: అచ్చంగా మన పందికొక్కే. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు కూడా ఇది తెలుగు మాటేనని చెప్పింది. ఇంగ్లిషువాళ్లు మాట మొదట్లో 'ప'ని ఊపిరి ఊది పలుకుతారు. మనం ఊదం. అందుకని మన 'ప' వాళ్ల చెవికి 'బ'లా వినిపిస్తుంది. అలా పంది 'బాండి' అయింది, కొక్కు తోక తెగి 'కూట్' అయింది. జంతుశాస్త్రంలో ఈ ఎలుకల ప్రజాతి పేరే బాండికోటా. ఆస్ట్రేలియాలో దిగిన ఇంగ్లిషువాళ్లకు పొడుగు మూతితో నేల తవ్వే జంతువొకటి కనిపిస్తే, ఇండియాలో వాడుకపడిన ఈ పేరే దానికి తగిలించారు.

అపోహ: అయితే రెండూ ఒకటే.

వాస్తవం: మనది ఎలుక. అక్కడిది కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జీవి. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ ఆటలో హీరో ఆ సంచి జంతువే. మనవడికి అక్కడ సగం మార్కులు ఇవ్వొచ్చు.

అపోహ: పందికొక్కు పందికీ ఎలుకకీ పుట్టింది.

వాస్తవం: నవ్వకండి, నమ్మేవాళ్లున్నారు. కొక్కంటేనే పెద్ద ఎలుక. బిరుసు వెంట్రుకలకీ, అదిలిస్తే గుర్రుమనే తీరుకీ పంది పేరు తగిలిందంతే.



ఆస్ట్రేలియావాళ్లు బాండికూట్‌ని క్రియగానూ వాడతారు: పైన మొక్క పచ్చగా నిలబడే ఉండాలి, కిందనుంచి బంగాళాదుంపలు మాత్రం మాయమవ్వాలి. ఈ సంగతి చెబితే హమాలీ ఖాళీ బస్తాని కాలితో పక్కకు తోసి, "మరి ఇదేం చేసిందండీ?" అన్నాడు.