నాదౌచిత్యం: జాజ్ గిటార్ – డిజిటల్ యంత్రం

ఒకే షడ్జమాన్ని వీణపైన, వేణువుపైన, వయొలిన్‌పైన వరుసగా పలికిస్తే శ్రోత కళ్ళు మూసుకొని కూడా ఏది ఏ వాద్యమో గుర్తించగలడు. స్వరస్థానం ఒక్కటే అయినా వినికిడిలో ఈ భేదం కలగడానికి కారణం నాదగుణం. ఏ వాద్యమైనా ఒక స్వరాన్ని పలికినప్పుడు ప్రాథమిక పౌనఃపున్యంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉండే అనుస్వరాలు కూడా పుడతాయి. వాటి పాళ్ళు మారితే నాదగుణం మారుతుంది. గిటార్ విషయంలో ఈ మార్పు మరింత విశేషమైనది. ఒకే వాద్యం రాక్ సంగీతకారుని చేతిలో గర్జిస్తుంది, జాజ్ సంగీతకారుని చేతిలో మృదువుగా సంభాషిస్తుంది. గుండ్రంగా, వెచ్చగా, పదును లేకుండా వినిపించే ఆ జాజ్ నాదాన్ని నేడు పుస్తకమంత పరిమాణం గల ‘డిజిటల్ మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్’ సాయంతో సాధించవచ్చు. అది ఎలా సాధ్యమో, ఎంతవరకు సాధ్యమో తెలుసుకోవాలంటే ముందుగా ఆ నాదం పుట్టిన సందర్భాన్ని తెలుసుకోవాలి.

వినిపించని వాద్యం

1930 దశకంలో అమెరికాలో ‘బిగ్ బ్యాండ్’ అనే పెద్ద వాద్యబృందాలు జాజ్ సంగీతాన్ని వినిపించేవి. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్ములు ఒక్కసారిగా మోగుతుంటే గిటార్ ధ్వని వాటిలో కలిసిపోయేది. లయకు ఆసరాగా ఉండడమే తప్ప ముందుకు వచ్చి తన మాట తాను చెప్పుకొనే అవకాశం ఆ వాద్యానికి ఎక్కువగా ఉండేది కాదు. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ ఈ స్థితిని మార్చింది. గిబ్సన్ సంస్థ 1936లో ‘ఇ.ఎస్.-150’ అనే విద్యుత్ గిటార్‌ను విడుదల చేసింది. ఓక్లహోమా నగరంలో పెరిగిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్‌తో 1939లో బెనీ గుడ్‌మన్ బృందంలో చేరి, శాక్సోఫోన్‌కు దీటుగా ఒక్కొక్క స్వరాన్నీ సాగదీసి పలికించారు. క్షయవ్యాధి కారణంగా 1942లో, 25 ఏళ్ళ వయస్సులోనే ఆయన కన్నుమూశారు. ఆ స్వల్పకాలంలోనే గిటార్ సహకార వాద్యం స్థాయినుంచి ప్రధాన వాద్యం స్థాయికి చేరుకుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. జాజ్ గిటార్‌కు విద్యుత్తు తోడైనది అరవడానికి కాదు, వినిపించడానికి. వేళ్ళు చేసే సున్నితమైన పని శ్రోత చెవికి చేరడమే దాని పరమార్థం. తరువాతి తరంవారు కూడా ఈ మార్గాన్నే అనుసరించారు. వెస్ మాంట్‌గోమరీ పిక్‌ను వదలి కేవలం బొటనవేలితో తీగలను మీటేవారు. రాత్రివేళ సాధన వలన ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలగకూడదని ఈ పద్ధతిని అవలంబించారని చెబుతారు. ఆ బొటనవేలి మెత్తదనమే ఆయన నాదానికి గుర్తుగా నిలిచిపోయింది. జిమ్ హాల్ ఆంప్లిఫయర్ ధ్వనిని తగ్గించి ఉంచి, గిటార్ బోలు శరీరంనుంచి వెలువడే సహజధ్వనిని కూడా వినిపించనిచ్చేవారు.

నాదానికి మూలాలు

సాంప్రదాయికమైన జాజ్ నాదానికి నాలుగు కారణాలు కనిపిస్తాయి. మొదటిది గిటార్ నిర్మాణం. వీణకు కుండ ఎటువంటిదో జాజ్ గిటార్‌కు దాని బోలు శరీరం అటువంటిది. ఆ బోలులోని గాలి, పైపలక కలిసి కంపించి స్వరానికి నిండుదనాన్ని ఇస్తాయి.

రెండవది తీగలు. రాక్ వాద్యకారులు సాధారణంగా 0.009 లేదా 0.010 అంగుళాల మందం గల మొదటి తీగను వాడితే, జాజ్ వాద్యకారులు చాలామంది 0.012 లేదా 0.013 అంగుళాల తీగను ఎంచుకుంటారు. పైచుట్టు చదునుగా ఉండే ‘ఫ్లాట్‌వౌండ్’ తీగలు వేలి రాపిడిని వినిపించనివ్వవు, పై అనుస్వరాలను కూడా కొంత అణచివేస్తాయి.

మూడవది పికప్ స్థానం. తీగ చివర ఉండే బ్రిడ్జ్ వద్ద ప్రాథమిక కంపనం చాలా స్వల్పంగా ఉంటుంది. అందువల్ల అక్కడి పికప్ అందుకొనే ధ్వనిలో అనుస్వరాల పాలు ఎక్కువై, పదును కనిపిస్తుంది. మెట్ల పలక చివర ఉండే నెక్ పికప్ వద్ద తీగ విశాలంగా కదులుతుంది. ప్రాథమిక స్వరం బలంగా అందుతుంది. జాజ్ వాద్యకారులు ఈ రెండవదానినే ఎన్నుకుంటారు.

నాలుగవది ఆంప్లిఫయర్, స్పీకర్. ధ్వనిని విరగనీయకుండా, స్వచ్ఛంగా పెంచే ఆంప్లిఫయర్ జాజ్‌కు అనుకూలమైనది. ఫెండర్ సంస్థ 1963లో తెచ్చిన ట్విన్ రివర్బ్, రోలాండ్ సంస్థ 1975లో తెచ్చిన ‘జె.సి.-120’ ఇటువంటివి. గిటార్ స్పీకర్లు సుమారు 5,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని అంతగా వెలువరించవు. ఈ లోపమే గిటార్‌కు వరమైనది. చెవికి గుచ్చుకొనే భాగాన్ని స్పీకరే వడగట్టివేస్తుంది.

యంత్రం చేసే పని

బోలు గిటార్, బరువైన ఆంప్లిఫయర్ సామాన్య విద్యార్థికి అందుబాటులో ఉండేవి కావు. సాధారణమైన గట్టి కొయ్య గిటార్ గల అభ్యాసకునికి డిజిటల్ యంత్రం ఉపకరించేది ఈ సందర్భంలోనే.

గిటార్ నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని ఈ యంత్రం మొదట అంకెలుగా మారుస్తుంది. సెకనుకు 44,100 సార్లు తరంగం ఎత్తును కొలిస్తే 20,000 హెర్ట్జ్ వరకు, అంటే మానవుని వినికిడి మేర అంతటినీ నమోదు చేయడం సాధ్యమవుతుంది. ఒక్కొక్క కొలతను 24 బిట్లలో నిక్షేపిస్తే 1,67,77,216 స్థాయిలను వేరువేరుగా గుర్తించవచ్చు. ఆ అంకెలపై యంత్రంలోని ప్రాసెసర్ గణితక్రియలు జరిపి, ఫలితాన్ని తిరిగి విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఇదంతా కొద్ది మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 3 మిల్లీసెకన్ల ఆలస్యం స్పీకర్‌కు ఒక మీటరు దూరం జరిగి నిలబడినదానితో సమానం.

ఆంప్లిఫయర్ ప్రవర్తనను గణితరూపంలో అనుకరించడాన్ని ‘మోడలింగ్’ అంటారు. రోలాండ్ సంస్థ 1995లో తెచ్చిన ‘వి.జి.-8’, లైన్ 6 సంస్థ 1998లో తెచ్చిన ‘పాడ్’ ఈ విధానాన్ని ప్రచారంలోకి తెచ్చిన యంత్రాలలో ముఖ్యమైనవి. స్పీకర్ పెట్టెను అనుకరించే మార్గం మరింత ఆసక్తికరమైనది. క్షణికమైన ఒక ధ్వనికి పెట్టె ఏ విధంగా స్పందిస్తుందో ముందుగా నమోదు చేస్తారు. తరువాత గిటార్ ధ్వనిలోని ప్రతి కొలతకూ ఆ స్పందనను వర్తింపజేస్తారు. ఫలితంగా ఆ పెట్టె ఎదుట లేకపోయినా దాని గొంతు వినిపిస్తుంది.

నాదనిర్మాణ క్రమం

యంత్రంలో తయారీదారులు సిద్ధం చేసి ఉంచిన అమరికలు వందలకొద్దీ ఉంటాయి. వాటిలో చాలావరకు ఒకేసారి నాలుగైదు ఎఫెక్టులతో ఆకర్షణీయంగా వినిపిస్తాయి. జాజ్ నాదాన్ని కోరే అభ్యాసకుడు వాటిని పక్కనపెట్టి, అన్ని ఎఫెక్టులనూ ఆపివేసి, శూన్యంనుంచి ఆరంభించడం మేలు.

మొదటి మెట్టు గిటార్ వద్దనే ఉంది. నెక్ పికప్‌ను ఎంచుకొని, టోన్ నాబ్‌ను పదింట నాలుగు, ఆరు అంకెల మధ్య ఉంచాలి. పూర్తిగా తగ్గిస్తే స్వరం దుప్పటి కప్పినట్లు మూగవోతుంది. రెండవ మెట్టులో స్వచ్ఛమైన ఆంప్లిఫయర్ నమూనాను ఎన్నుకోవాలి. గెయిన్‌ను తక్కువగా ఉంచాలి. గట్టిగా మీటినప్పుడు కూడా ధ్వని గరగరలాడకుండా ఉండాలి. మూడవది స్పీకర్ నమూనా. హెడ్‌ఫోన్లకో, మిక్సర్‌కో నేరుగా కలిపినప్పుడు ఇది తప్పనిసరి. నిజమైన గిటార్ ఆంప్లిఫయర్‌కు కలిపితే మాత్రం దీనిని ఆపివేయాలి. లేకపోతే ఒకే వడపోత రెండుసార్లు జరిగి స్పష్టత లోపిస్తుంది.

నాలుగవ మెట్టు ఈక్వలైజర్. గిటార్ ఆరవ తీగ పలికే ప్రాథమిక స్వరం సుమారు 82 హెర్ట్జ్. దానికి దిగువన ఉన్నదానిని తొలగించినా సంగీతానికి నష్టం లేదు. 150 నుంచి 250 హెర్ట్జ్ ప్రాంతంలో గుమగుమ ఎక్కువైతే కొద్దిగా తగ్గించాలి. 500 నుంచి 800 హెర్ట్జ్ ప్రాంతాన్ని స్వల్పంగా పెంచితే స్వరానికి ఒడలు ఏర్పడుతుంది. 3,000 హెర్ట్జ్‌కు పైభాగాన్ని క్రమంగా తగ్గిస్తే పదును తొలగుతుంది. చివరిది రివర్బ్. ఒక చిన్న గదిలో వాయిస్తున్న భావన కలిగేంతగా, ఒకటి లేదా ఒకటిన్నర సెకన్ల నిడివితో, పదినుంచి పదిహేను శాతం పాళ్ళలో దానిని కలపాలి. రివర్బ్ ఉన్నదని విన్నప్పుడు తెలియకూడదు. తీసివేసినప్పుడు మాత్రం వెలితి తెలియాలి.

కంప్రెసర్ విషయంలో జాగరూకత అవసరం. అది గట్టి మీటును తగ్గించి, మెల్లని మీటును పెంచి రెండింటినీ సమం చేస్తుంది. జాజ్‌లో వాక్యానికి కాకువు వంటిది మీటులోని బలాబలం. దానిని చదును చేస్తే చెప్పే మాటలోని భావమే నశిస్తుంది. అదేవిధంగా నాయిస్ గేట్‌ను ఎక్కువగా వాడితే నెమ్మదిగా లయమయ్యే స్వరం నడుమనే తెగిపోతుంది.

గదిలో తక్కువ ధ్వనితో కుదిరిన అమరిక వేదికపై కుదరకపోవడం కూడా సాధారణం. మెల్లని ధ్వనిలో మంద్రస్వరాలను మానవుని చెవి తక్కువగా గ్రహిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ప్రకటించారు. ఆ లోటును పూడ్చడానికి అభ్యాసకుడు ఇంటివద్ద మంద్రాన్ని పెంచుకుంటాడు. వేదికపై ధ్వని పెరగగానే అదే మంద్రం గుమగుమలాడి, తోటి వాద్యాలను కప్పివేస్తుంది. కనుక అమరికను ప్రదర్శనస్థాయి ధ్వనిలో మరొకసారి సరిచూసుకోవాలి.

అలంకారం – ఔచిత్యం

అయితే జాజ్ సంగీతం ఎఫెక్టులను పూర్తిగా నిషేధించినదని భావించరాదు. పాట్ మెథెనీ తన స్వరాన్ని డిజిటల్ డిలే యంత్రాలతో స్వల్పంగా ఆలస్యం చేసి, పక్కనున్న ఆంప్లిఫయర్ల ద్వారా కూడా వినిపించి, విశాలమైన నాదాన్ని సృష్టించారు. జాన్ స్కోఫీల్డ్ గరుకైన డిస్టార్షన్‌ను సైతం జాజ్ పలుకుబడిలో ఇముడ్చుకున్నారు. వారు అలంకారాలను ధరించింది తమ పలుకును దాచడానికి కాదు, స్ఫుటం చేయడానికి. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్య విచార చర్చ’లో కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని నిరూపించాడు. తగిన చోట ఉన్నప్పుడే అలంకారం అలంకారమవుతుంది. ఈ సూత్రం ఎఫెక్టులకు కూడా చక్కగా వర్తిస్తుంది.

తెలుగు నేలపై కూడా ఇందుకు ఉదాహరణ ఉంది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించారు. మెట్లు గల ఆ చిన్న వాద్యంలో స్వరం త్వరగా ఆరిపోతుంది. విద్యుత్తు సాయంతో స్వరాన్ని నిలిపి, దానిపై గమకాలను ఆవిష్కరించిన ఘనత ఆయనది. జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన పాల్గొన్నారు. 2014లో ఆయన మరణించేనాటికి ఆ విద్యుత్ వాద్యం కర్ణాటక సంగీతవేదికపై పరాయిది కాకుండా పోయింది. అక్కడ శ్రోతలు విన్నది విద్యుత్తును కాదు, గమకాన్ని.

యంత్రం ఆంప్లిఫయర్‌ను అనుకరించగలదు; స్పీకర్ పెట్టెను, గది గోడలను అనుకరించగలదు. తీగను ఎంత బలంతో మీటాలో, ఏ స్వరం వద్ద ఆగాలో, ఎప్పుడు మౌనం వహించాలో అది నిర్ణయించలేదు. ఆ నిర్ణయం వేళ్ళది, వాటి వెనుకనున్న చెవిది. అందువల్ల అమరిక పూర్తయిన తరువాత అభ్యాసకుడు ఒక పరీక్ష చేసుకోవాలి. యంత్రాన్ని ఆపి, ఒక చిన్న సంగీతవాక్యాన్ని గిటార్‌పై ఊరక వాయించాలి. తిరిగి యంత్రంతో అదే వాక్యాన్ని వాయించాలి. మొదటిసారి వేళ్ళు చేసిన బలహీనమైన, బలమైన మీటులన్నీ రెండవసారి కూడా తేటగా వినిపిస్తే అమరిక సరియైనదని గ్రహించవచ్చు. వినిపించకపోతే, మరొక ఎఫెక్టును చేర్చడానికి బదులుగా ఉన్నవాటిలో ఒకదానిని తొలగించి చూడాలి.