తాబేలుకు దగ్గరి చుట్టం పామా, పక్షా?

మన కణాల్లోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్-సి అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను ఒకచోటి నుంచి మరోచోటికి మోయడం దాని పని. మనిషిలో అది 104 అమైనో ఆమ్లాల గొలుసు. గుర్రంలోనూ, ఈస్ట్‌లోనూ అదే పని చేస్తుంది. ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిన ఈ గొలుసులో కాలక్రమంలో అక్కడక్కడా పూసలు మారాయి. ఆ మార్పులను లెక్కపెడితే బంధుత్వం బయటపడుతుంది.

గొలుసులను ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే మనిషికీ రీసస్ కోతికీ 1 తేడా, మనిషికీ గుర్రానికీ 12, కోతికీ గుర్రానికీ 11. మూడు జీవుల చెట్టుకు మూడు కొమ్మలు. ఏ రెండు కొమ్మల పొడవులు కలిపినా ఆ జంట మధ్య తేడా రావాలి. బడిలో నేర్చిన సమీకరణాలు చాలు: మనిషి కొమ్మ 1, కోతి కొమ్మ 0, గుర్రం కొమ్మ 11. గొలుసులు కూడా ఇదే చెబుతాయి. 58వ స్థానంలో కోతికీ గుర్రానికీ థ్రియోనిన్ ఉంటే, మనిషికి ఐసోల్యూసిన్ ఉంది. మారింది మన వైపే! చింపాంజీ గొలుసు మనదానితో పొల్లుపోకుండా సరిపోతుంది కాబట్టి, ఆ మార్పు మన రెండు వంశాలూ విడిపోకముందే జరిగి ఉండాలి.

జీవుల సంఖ్య పెరిగితే చిక్కు మొదలవుతుంది. పది జీవులను వంశవృక్షంగా అమర్చడానికే దాదాపు 3.45 కోట్ల విధాలున్నాయి. దగ్గరి జంటను ముందు కలిపి, దాన్ని ఒకటిగా భావించి, తర్వాతివాటిని చేర్చుకుంటూ పోయే పద్ధతిని వాల్టర్ ఫిచ్, ఇమాన్యుయెల్ మార్గోలియాష్ 1967లో ప్రచురించారు. 20 జీవుల సైటోక్రోమ్-సితో వారు గీసిన చెట్టు, ఎముకలనూ శిలాజాలనూ చూడకుండానే, తెలిసిన జీవశాస్త్రంతో చాలావరకు సరిపోయింది.

మూడుచోట్ల మాత్రం పేచీ వచ్చింది. కోడి బాతును వదిలి పెంగ్విన్ పక్కన చేరింది. కంగారూ కంటే ముందే మనిషి, కోతులు మిగతా క్షీరదాల నుంచి విడిపోయినట్టు కనిపించింది. తాబేలేమో సాటి సరీసృపమైన ర్యాటిల్ స్నేక్‌ను కాదని పక్షులతో కలిసింది.

మొదటి రెండూ తప్పులే. 104 పూసల్లో ఒకటి రెండు అటూ ఇటూ అయినా కొమ్మ జరిగిపోవచ్చు. ఒకే స్థానం రెండుసార్లు మారితే తొలి మార్పు ఆనవాలు చెరిగిపోతుంది. రెండు వంశాల్లో ఒకే మార్పు విడివిడిగా వస్తే దూరపు చుట్టాలు దగ్గరివాళ్లలా కనిపిస్తారు.

తాబేలు సంగతి వేరు. 2012 నుంచి వందలాది జన్యుభాగాలను పోల్చిన పరిశోధనలు దాన్ని పాములు, బల్లుల కంటే పక్షులకూ మొసళ్లకూ దగ్గరగా చూపాయి. అలాగని సైటోక్రోమ్-సికి పూర్తి మార్కులు వేయలేం. అదే పరీక్షలో రెండు ప్రశ్నలకు తప్పు జవాబు రాసిన ప్రోటీన్ అది.

అందుకే ఇప్పుడు ఎన్నో ప్రోటీన్లను కలిపి చూస్తారు. కొమ్మ ఎంత గట్టిదో తేల్చడానికి 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ ప్రతిపాదించిన బూట్‌స్ట్రాప్ పరీక్ష వాడతారు. పేర్చిన గొలుసుల నిలువు వరుసల్లోంచి లాటరీ తీసినట్టు కొన్నిటిని ఎంచి (వచ్చిందే మళ్లీ రావచ్చు), వాటితో చెట్టును మళ్లీ మళ్లీ గీస్తారు. నూటికి ఎన్నిసార్లు ఆ కొమ్మ తిరిగి వచ్చిందో చూస్తారు. పరిశోధన పత్రాల్లోని చెట్లమీద కొమ్మలు చీలే చోట 98, 54 వంటి అంకెలు కనిపిస్తే, అవి చాలావరకు ఇవే.