పాలు పడడానికి ముందు

తర్రెం పేరు తెలుగు పాఠకుల్లో చాలామంది మొదటిసారి విన్నది 2021 ఏప్రిల్‌లో. 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయిన ఎదురుకాల్పులు ఆ చుట్టుపక్కల అడవిలోనే జరిగాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ దాటి జగరగుండ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది ఈ ఊరు. దాని గురించి మనకు అందే వార్తలన్నీ క్యాంపులవీ కాల్పులవీ. కానీ అక్కడా ఆడవాళ్ళు నీళ్ళోసుకుంటారు, పురుళ్ళు జరుగుతాయి, చంటిపిల్లలు ఏడుస్తారు. గోండీ, దొర్లా మాట్లాడే ఈ ప్రాంతం నుంచి మిరప ఏరే కాలంలో కూలీలు చర్ల, వెంకటాపురం వైపు వస్తారు. సరిహద్దు ఊళ్ళ కష్టమైన కాన్పులు కొన్ని భద్రాచలం ఆసుపత్రిదాకా చేరతాయి. అందుకే అక్కడి బాలింతల సంగతి మనకు పొరుగింటి సంగతే. డాక్టరు దూరంగా ఉన్న చోట పుట్టిన బిడ్డకు తల్లిపాలను మించిన రక్షణ లేదు. ఆ పాలకు గర్భంతో ఉండగానే సిద్ధపడాలని అందరూ చెబుతారు. సిద్ధపడవలసింది ఎవరన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది. రొమ్ము తన పని తాను చేసుకుంటుంది. సిద్ధం చేయవలసింది ఆ తల్లి చుట్టూ ఉండే మనుషుల్ని.

దేహం ఎలా సిద్ధమవుతుందో చూడండి. గర్భం సగానికి వచ్చేసరికే రొమ్ములోని పాలగ్రంథులు ముర్రుపాలు తయారుచేయడం మొదలుపెడతాయి. అవి ధారగా రాకపోవడానికి కారణం మాయ. అది విడుదల చేసే ప్రొజెస్టెరాన్ పాల ఉత్పత్తిని అణిచి ఉంచుతుంది. కాన్పయి మాయ పడిపోగానే ఆ హార్మోను ఒక్కసారిగా తగ్గిపోతుంది. రెండు నుంచి నాలుగు రోజుల్లో రొమ్ములు బరువెక్కి, ఇంట్లో అందరూ 'పాలు పడ్డాయి' అంటారు. ఈ మధ్య రోజులే గండం. అప్పుడు వచ్చేది చెంచాలతో కొలవగలిగినంత చిక్కటి, పసుపుపచ్చని ముర్రుపాలు. రోగాల్ని అడ్డుకునే ప్రతిరక్షకాలతో నిండిన ఆ కొద్దిపాటి పాలే ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ రోజుకు చాలు. కానీ చూసేవాళ్ళ కంటికి అవి పాలలాగే కనిపించవు. 'ఇంకా పాలు పడలేదు' అన్న మాట పుడుతుంది, ఆ వెనకే తేనె చుక్కో, పంచదార నీళ్ళో, పోతపాల సీసానో వస్తుంది. బిడ్డ కడుపు వాటితో నిండితే రొమ్ము చీకడం తగ్గుతుంది. చీకకపోతే పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను పెరగదు, పాలూ పెరగవు. లేదనుకున్న పాలు అలా నిజంగానే లేకుండా పోతాయి. చేపుకు రావడమన్న మాట పాడి ఉన్న ఇళ్ళకు కొత్త కాదు. దూడ మూతి పెడితే ఆవు చేపినట్టే, బిడ్డ చీకితే తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు జారతాయి. భయం, నొప్పి, అవమానం దాన్ని వెనక్కి పట్టేస్తాయి. 'నీకు పాలు లేవు' అని బాలింత ముఖం మీదే అనే మాట చేపును అడ్డుకునే మాట.

గర్భిణులకు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన సలహా ఇంకొకటి ఉంది. చనుమొనలు లోపలికి ఉంటే రోజూ వేళ్ళతో లాగాలనీ, వాటిపై ప్లాస్టిక్ చిప్పలు పెట్టుకోవాలనీ. దీన్ని బ్రిటన్, కెనడాల్లో 460 మందికి పైగా గర్భిణులపై పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. ఆ వ్యాయామాలు చేసినవాళ్ళకూ, చిప్పలు పెట్టుకున్నవాళ్ళకూ, ఏమీ చేయనివాళ్ళకన్నా ఒరిగింది ఏమీ లేదు. బిడ్డ పట్టుకోవలసింది మొనను కాదు, నోరు బాగా తెరిచి దాని చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని. గర్భంలో ఆ వలయం ముదురు రంగు తిరుగుతుంది, దాని మీది చిన్న చిన్న బుడిపెలు నూనెలాంటి పదార్థాన్ని స్రవిస్తాయి. స్వీడన్‌లో ముప్ఫై మంది అప్పుడే పుట్టిన బిడ్డల్ని తల్లుల ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి చూశారు. ఒక రొమ్మును కడిగి, రెండోదాన్ని అలాగే వదిలేశారు. ఇరవై రెండు మంది కడగని రొమ్మునే వెతుక్కుంటూ వెళ్ళారు. వాళ్ళను నడిపించింది వాసన. తొలి పాలకు ముందు రొమ్మును సబ్బుతో తోమడం మనం శుభ్రత అనుకుంటాం, బిడ్డకు అది దారి గుర్తును చెరిపేయడం.

ప్రకృతి ఇంత ఏర్పాటు చేశాక వేరే సన్నాహం ఎందుకని అడగవచ్చు. జవాబు అంకెల్లో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఆరు నెలలలోపు పిల్లల్లో సుమారు 80 శాతానికి తల్లిపాలు తప్ప మరేదీ పట్టడం లేదు. దేశ సగటు 64 శాతం దగ్గరుంటే, ఈ తల్లులు అంత ముందున్నారు. అదే రాష్ట్రంలో పుట్టిన గంటలోపు పాలందిన బిడ్డలు 32 శాతమే. అంతకుముందు సర్వేలో అది 47 శాతం. ఈ రెండు సర్వేల మధ్యకాలంలోనే ఆసుపత్రి కాన్పులు సుమారు 70 నుంచి 86 శాతానికి పెరిగాయి. మంచమూ నర్సూ దొరికాయి గానీ తొలి గంట చేజారింది. నెలల తరబడి పాలివ్వగలిగిన తల్లులకు మొదటి గంటలో పాలు లేవని నేను నమ్మను. ఆ గంట వాళ్ళ చేతిలో లేదు. స్నానం, తూకం, పొత్తిళ్ళు, కుట్లు, బంధువుల చేతులు దాటి బిడ్డ తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతోంది. కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లేనని 2019-21 సర్వేలో తేలిన తెలంగాణలో ఈ ఆలస్యం ఇంకో రూపంలో ఉంటుంది. నడుముకు మత్తిచ్చి ఆపరేషన్ చేసిన తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డను అప్పుడే ఛాతీ మీద పెట్టవచ్చు. ముందే అడిగి ఉంచకపోతే మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఒక్క గంటకు ఇంత పట్టింపా? ఘనాలో పల్లెల్లో పుట్టిన పదివేల తొమ్మిది వందల మందికి పైగా బిడ్డల్ని గమనించి 2006లో ఒక అధ్యయనం వెలువడింది. అందరికీ గంటలోపే పాలు మొదలుపెట్టి ఉంటే, నెలలోపు మరణాల్లో 22 శాతం తప్పేవని అందులో తేలింది. జబ్బుతో పుట్టిన బిడ్డ చీకలేడు కాబట్టి ఆలస్యమే మరణంగా కనిపిస్తోందేమోనన్న అనుమానం న్యాయమైనదే. అందుకే రెండో రోజుకు బతికి ఉన్న బిడ్డల్నే లెక్కలోకి తీసుకున్నారు, తొలి పాల వేళకు నలతగా ఉన్నవాళ్ళను తీసేసి కూడా చూశారు. ఫలితం నిలిచింది.

అసలు గట్టి అభ్యంతరం మరొకటి. గర్భిణికి క్లాసులు చెబితే పాలివ్వడం పెరుగుతుందా? ప్రపంచవ్యాప్త ప్రయోగాలన్నీ కలిపి 2016లో చేసిన కోక్రేన్ సమీక్షకు, ఒట్టి గర్భకాలపు బోధ వల్ల లాభమని చెప్పగల ఆధారం దొరకలేదు. నేను దీన్ని ఒప్పుకుంటాను. ఒకసారి చెప్పి, గోడమీద పోస్టరు అతికించి వెళ్ళిపోతే ఏమీ మారదు. కానీ ఢాకాలో పొరుగింటి ఆడవాళ్ళకే శిక్షణనిచ్చి చూశారు. వాళ్ళు ఆఖరి మూడు నెలల్లో రెండుసార్లు గర్భిణి ఇంటికి వెళ్ళారు, పురిటి తర్వాత మళ్ళీ మళ్ళీ వెళ్ళారు, మొత్తం పదిహేను సార్లు. అయిదో నెలలో ఒట్టి తల్లిపాలు తాగుతున్న బిడ్డలు అక్కడ 70 శాతం, మిగతా చోట 6 శాతం. గెలిచింది మనిషి. కడుపుతో ఉన్నప్పుడు పరిచయమైన ముఖమే పురిటి మంచం పక్కన మళ్ళీ కనిపించడం. ఛత్తీస్‌గఢ్‌కు ఆ మనిషి ఎప్పటినుంచో ఉంది. 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం తర్వాత దేశమంతటి ఆశా వ్యవస్థకు దారి చూపింది. మితానిన్ అంటే స్నేహితురాలు. ఇంద్రావతికి అవతలి గడ్చిరోలిలో పల్లె ఆడవాళ్ళే ఇళ్ళకు వెళ్ళి పసిబిడ్డల్ని చూసుకుంటే నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లోనే నిరూపణ అయింది.

తిండి లేని తల్లికి పాలెక్కడివనేవాళ్ళకు సి. గోపాలన్ పరిశోధనే సమాధానం. తర్వాత హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు అధిపతి అయిన ఆయన 1950లలోనే పేద తల్లుల్ని పరిశీలించారు. చాలీచాలని తిండితోనూ వాళ్ళు చాలాకాలం పాలిచ్చారు. ఆ పాలు తల్లి ఒంట్లోంచే వచ్చాయి. కాబట్టి బలహీనంగా ఉంది కదా అని బిడ్డ నోట్లో సీసా పెట్టడం తప్పు. తల్లి కంచంలో అన్నం, పప్పు, గుడ్డు పెంచడమే ఒప్పు. మిరప చేలకు వచ్చిన బాలింతను రోజంతా ఎండలో వంచి, పాలు తగ్గాయని ఆమెనే నిందించడం అన్యాయం. నీడా, మంచినీళ్ళూ, బిడ్డ ఏడ్చినప్పుడల్లా విరామమూ రైతు ఇవ్వగలిగినవే.

మీ ఇంట్లో ఏడో నెల నిండిన గర్భిణి ఉంటే, ఆశా కార్యకర్త వచ్చినప్పుడు భర్తనూ అత్తగారినీ కూడా ఆమె పక్కన కూర్చోబెట్టండి. పురిటి వేళ పక్కన ఎవరుంటారో, బిడ్డను తుడిచిన వెంటనే తల్లి ఛాతీ మీద పెట్టమని ఎవరు అడుగుతారో అప్పుడే తేల్చుకోండి. తేనె సీసా తెచ్చే పెద్దావిడకు ముందే నచ్చజెప్పండి. భద్రాచలం, చర్ల ఆసుపత్రుల్లో పనిచేసేవారికి ఒక మనవి. అడవి దాటి వచ్చిన గర్భిణికి తొలి గంట పాల మాట ఆమె భాషలో, నొప్పులు మొదలవకముందే చెప్పించండి.