భూమి చేతులు మారినా మాట మారదు

మనలో చాలామందిమి మూడు నాలుగేళ్లకు ఒక ఊరి నీళ్లు తాగి పెరుగుతున్నవాళ్లం. బదిలీ ఉత్తర్వులు రాగానే సామాను కట్టుకుంటాం. కొత్త క్వార్టర్‌లో దిగగానే ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగేది నీళ్ల గురించే. ఎన్నింటికి వస్తాయి? తియ్యగా ఉంటాయా, ఉప్పగా ఉంటాయా? కాచి తాగాలా? ఆ నీళ్లు ఏ కొండ మీద కురిసిన వాన, ఆ కొండ మీది అడవి ఎవరిది, దాన్ని ఎవరు కాపాడుతున్నారు అని మాత్రం మనం అడగం. నిజానికి కుళాయి కథ అక్కడే మొదలవుతుంది.

పరీవాహక ప్రాంతం అంటే ఏమిటి?

మన డాబా మీద పడిన వాన అంతా మూలన ఉన్న గొట్టంలోంచి కిందికి దిగుతుంది. డాబా మీద దుమ్ము ఉంటే దుమ్ము, పావురాల రెట్ట ఉంటే అది కూడా నీళ్లతో పాటే దిగుతుంది. నదికి కూడా ఇలాంటి డాబా ఒకటి ఉంటుంది. ఎంత మేర కురిసిన వాన చివరికి ఒక నదిలోకి చేరుతుందో ఆ నేలంతా ఆ నదికి పరీవాహక ప్రాంతం.

ఆ నేల మీద అడవి ఉంటే వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు. ముందు ఆకుల మీద, తర్వాత కింద రాలిన ఆకుల మీద పడుతుంది. వేళ్ల వెంట, పురుగులు చేసిన సందుల వెంట మెల్లగా నేలలోకి ఇంకుతుంది. దారిలో మట్టి వడకడుతుంది. ఆ నీరు రోజులు, వారాల తర్వాత ఊటగా బయటికి వస్తుంది. అందుకే అడవిలో పుట్టిన వాగు వాన లేని రోజుల్లో కూడా పారుతుంది. అడవి పోయి ఇళ్లూ రోడ్లూ వస్తే అదే వాన బురదనూ నూనెనూ మురుగునూ మోసుకుని ఒక్కసారిగా నదిలో పడుతుంది.

ఒక మహానగరం, దూరపు కొండలు

ఈ విషయం బాగా అర్థం కావాలంటే అమెరికాలోని న్యూయార్క్ నగరాన్ని చూడాలి. 80 లక్షలకు పైగా జనం ఉన్న ఆ నగరం తాగే నీటిలో సుమారు 90 శాతం క్యాట్‌స్కిల్ కొండల నుంచి, డెలావేర్ నది ఎగువ పాయల నుంచి వస్తుంది. కొన్ని జలాశయాలు నగరానికి 150 కిలోమీటర్ల కంటే దూరంలో ఉన్నాయి. నీళ్లు చాలావరకు మోటార్లతో పని లేకుండా, వాలు మీదే సొరంగాల గుండా నగరానికి చేరతాయి.

ఆ కొండల్లో కొంత భాగం ప్రభుత్వ అడవి. దాన్ని ఎప్పటికీ అడవిగానే ఉంచాలని న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగంలోనే 1894లో రాసుకున్నారు. మిగిలిన దానిలో ఎక్కువ భాగం మాత్రం రైతులది, చిన్న చిన్న ఊళ్లవాళ్లది.

ఆ ఊళ్లకు నగరం మీద పాత కోపం ఉంది. 1907, 1915 మధ్య ఎసోపస్ వాగు మీద అశోకన్ జలాశయం కట్టారు. (పేరు వినగానే అశోక చక్రవర్తి గుర్తొస్తాడు కానీ ఆయనకూ దీనికీ సంబంధం లేదు.) దాని కోసం దాదాపు రెండు వేలమంది ఇళ్లు వదిలి వెళ్లారు. శ్మశానాల్లోని సమాధులను కూడా తవ్వి వేరేచోటికి తరలించారు. 1950లలో మరో జలాశయం కోసం ఇంకో నాలుగు ఊళ్లు మునిగాయి. ముంపు గ్రామాల బాధ ఎలాంటిదో నాగార్జునసాగర్, శ్రీశైలం గురించి విన్న మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

1989లో అమెరికా ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. నదుల నుంచి, చెరువుల నుంచి తాగునీరు ఇచ్చే నగరాలన్నీ ఆ నీటిని వడపోత కేంద్రంలో శుద్ధి చేయాలి. లేదా, వడపోత లేకుండానే నీరు సురక్షితమని, పరీవాహక ప్రాంతం తమ అదుపులో ఉందని రుజువు చేయాలి. న్యూయార్క్‌కు వడపోత కేంద్రం కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతుందని అంచనా వేశారు. నడపడానికి ఏటా అయ్యే ఖర్చు వేరు. అంతకంటే అడవిని కాపాడుకోవడం చవక.

అయితే ఎలా కాపాడాలి? నగరం మొదట ఆంక్షలు పెట్టబోయింది. ఇక్కడ కట్టకూడదు, అక్కడ దున్నకూడదు అంది. ఊళ్లన్నీ కలిసి సంఘం పెట్టుకుని కోర్టుకు వెళ్లాయి. మీ నీళ్ల కోసం మా బతుకు ఆగిపోవాలా అన్నది వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. ఏళ్ల తరబడి చర్చలు జరిగాక 1997 జనవరిలో నగరం, రాష్ట్రం, కేంద్ర ప్రభుత్వం, ఆ ఊళ్లు, పర్యావరణ సంస్థలు కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

ఆ ఒప్పందం ప్రకారం నగరం ఎవరి భూమినీ బలవంతంగా తీసుకోదు. ఇష్టపడి అమ్మేవారి దగ్గరే మార్కెట్ ధరకు కొంటుంది. కొన్న భూమికి ఆ ఊరికి పన్ను కూడా కడుతుంది. పాడైన సెప్టిక్ ట్యాంకులను బాగుచేయడానికి డబ్బిస్తుంది. రైతులు పశువులు వాగులోకి దిగకుండా కంచె వేసుకున్నా, పేడను వాగుకు దూరంగా నిల్వ చేసుకున్నా, గట్ల మీద చెట్లు నాటినా ఆ ఖర్చులో సాయం అందుతుంది.

శాశ్వతం అంటే ఎలా?

ఇందులో మనం శ్రద్ధగా చూడాల్సింది పరిరక్షణ ఒప్పందం అనే పద్ధతి. ఒక పొలం మనదంటే దానిమీద మనకు కొన్ని హక్కులు ఉన్నట్టు. దున్నుకోవచ్చు, పశువులు మేపుకోవచ్చు, అమ్మవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు, ప్లాట్లు వేసి ఇళ్లు కట్టవచ్చు. ఈ ఒప్పందంలో యజమాని ఆ చివరి హక్కు ఒక్కదాన్నే డబ్బు తీసుకుని వదులుకుంటాడు. మిగతావన్నీ అతనివే. తన ఇంట్లోనే ఉంటాడు, తన పొలమే దున్నుకుంటాడు.

ఈ షరతును భూమి దస్తావేజుల్లో రిజిస్టర్ చేస్తారు. అంటే మాట మనిషితో పోదు, భూమికి అంటుకుని ఉంటుంది. యజమాని అమ్మేసినా, మనవడికి రాసిచ్చినా, కొత్త యజమాని కూడా ఆ షరతుకు కట్టుబడాల్సిందే. ఒప్పందం చేసుకున్న సంస్థ తరఫువారు క్రమం తప్పకుండా వచ్చి షరతులు పాటిస్తున్నారో లేదో చూస్తారు.

కొనుగోళ్ల ద్వారా, ఇలాంటి ఒప్పందాల ద్వారా 1997 నుంచి నగరం 1,50,000 ఎకరాలకు పైగా కాపాడింది. ఈ కొండల నీటికి ఇప్పటికీ వడపోత కేంద్రం లేదు. క్లోరిన్ కలుపుతారు, అతినీలలోహిత కిరణాలతో సూక్ష్మజీవులను చంపుతారు. నగరానికి దగ్గరగా ఉన్న క్రోటన్ పరీవాహక ప్రాంతం సంగతి వేరు. అక్కడ కాలనీలు పెరిగిపోయాయి. ఆ నీటికి 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి వడపోత కేంద్రం కట్టక తప్పలేదు. అది 2015లో మొదలైంది.

అలా అని అందరూ సంతోషంగా ఉన్నారనుకోకూడదు. నగరం భూములు కొంటూపోతే ఊళ్లలో ఇళ్లకు, దుకాణాలకు చోటెక్కడ అని కొందరు అడుగుతూనే వచ్చారు. పెద్ద వానలకు కొండ వాగుల్లో బంకమట్టి కలిసి నీరు మసకబారడం కూడా పూర్తిగా ఆగలేదు. భాగస్వామ్యం అంటే ఒక్కరోజు సంతకంతో అయిపోయే పని కాదు, ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం.

మన దేశంలో

సిమ్లా దగ్గర కుఫ్రీ వైపు వెళ్లినవారు దట్టమైన దేవదారు అడవిని చూసే ఉంటారు. సుమారు 10 చదరపు కిలోమీటర్ల ఆ అడవిని సిమ్లాకు తాగునీటి కోసమే బ్రిటిష్ కాలం నుంచి కాపాడుకుంటూ వచ్చారు. అదే రాష్ట్రంలోని పాలంపూర్‌లో 2010లో ఇంకో మంచి పని జరిగింది. పట్టణానికి నీరిచ్చే బొహాల్ ఊట పైన ఉన్న అడవిని చూసుకునే గ్రామస్థుల సంఘంతో మున్సిపాలిటీ ఒప్పందం చేసుకుంది. ఏటా వారికి 10,000 రూపాయలు ఇస్తామంది. డబ్బు చిన్నదే. కానీ కింద తాగేవారు పైన కాపాడేవారికి బాకీ ఉన్నారని అది ఒప్పుకుంది.

హైదరాబాదు కథ ఇంకో పాఠం చెబుతుంది. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట), హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు కూడదంది. జంట జలాశయాలకు అది రక్షణ. కానీ మా భూములకు విలువ లేకుండా పోయిందని ఆ గ్రామాల రైతులు ఏళ్లపాటు మొరపెట్టుకున్నారు. 2022లో ప్రభుత్వం ఇంకో ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలించింది. ఒక ఉత్తర్వు ఇచ్చిన రక్షణను ఇంకో ఉత్తర్వు తీసేయగలదు. నేలను కాపాడేవారికి అందులో లాభం, గౌరవం ఉంటేనే రక్షణ నిలుస్తుంది.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం గ్రామస్థులు, భూమి యజమానులు తామే ముందుకు వచ్చి తమ నేలను కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించమని కోరవచ్చు. దారి ఉంది, నడిచేవాళ్లు కావాలి.

మనం ఏ ఊళ్లోనూ ఎక్కువ కాలం ఉండం. అందుకే ఈ పని మనది కాదనిపించవచ్చు. కానీ దేశంలో ఇన్ని ఊళ్ల నీళ్లు తాగే అవకాశం మనకు తప్ప ఎవరికుంది? ఇప్పుడున్న ఊరి నీళ్లు ఏ కొండ నుంచి, ఏ చెరువు నుంచి వస్తున్నాయో నీటి సరఫరా కార్యాలయంలో అడిగి తెలుసుకుందాం. ఆ దారిని ఒక పటంగా గీసి తరగతి గోడకు అంటిద్దాం. మన తర్వాత ఆ బెంచీలో కూర్చునే పిల్లలకు అది పనికొస్తుంది.