వెంటిలేటర్ పెట్టాక ఒళ్లెందుకు ఉబ్బుతుంది?

"ఊపిరితిత్తులల్ల నీరు చేరింది, మిషన్ పెట్టాలె అన్నరు. పెట్టినంక మొఖం, చేతులు ఉబ్బినయి. మిషన్ తోనేనా సార్?" మొయినాబాద్, చేవెళ్ల నుంచి సిటీ ఐసీయూలకు పరుగెత్తే కుటుంబాలకు వచ్చే అనుమానమే ఇది. కొంతవరకు నిజమే.

మనంతట మనం ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ విచ్చుకుని, గాలితోపాటు కాళ్లలో, పొట్టలో ఉన్న రక్తాన్నీ పైకి లాగుతుంది. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది. దాంతో ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కిడ్నీలకు అందేదీ తగ్గుతుంది. ఒంట్లో నీరు చాలడం లేదన్నట్టు అవి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. మూత్రం తగ్గుతుంది. సెలైన్, జబ్బు వల్ల కారే రక్తనాళాలు దానికి తోడవుతాయి.

మరి ఊపిరితిత్తుల్లో నీరు? గుండె బలహీనపడి నీరు చేరినవాళ్లకు ఈ ఒత్తిడే మేలు చేస్తుంది, గుండె మీద భారం దించుతుంది. ఊపిరి వదిలాక కూడా గాలి సంచులు ముడుచుకోకుండా కొంత ఒత్తిడి నిలిపి ఉంచుతారు. ఐసీయూలో దాన్ని పీప్ అంటారు. ఆక్సిజన్ పెరుగుతుంది. నీరు మాత్రం మాయమైపోదు, చాలావరకు సంచుల్లోంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి జరుగుతుంది. అక్కడి నుంచి లింఫు నాళాలు దాన్ని మెడ దగ్గరి సిరల్లోకి చేర్చాలి. ఆ సిరల్లోనే ఒత్తిడి ఎక్కువగా ఉంటే, గండిపేట చెరువు నిండినప్పుడు వాగు వెనక్కి ఎగదన్నినట్టు, నీరు కదలదు.

గాలి మోతాదు మించితే ఇంకా ప్రమాదం. 1974లో వెబ్, టియర్నీ అనే పరిశోధకులు ఎలుకలకు చాలా ఎక్కువ ఒత్తిడితో గాలి కొట్టిస్తే గంటలోపే ఊపిరితిత్తులు నీటితో నిండాయి. అంతే ఒత్తిడిలో పీప్ కూడా ఉంచితే నష్టం బాగా తగ్గింది. 2000లో అమెరికాలో 861 మంది రోగులపై వచ్చిన అధ్యయనం ఐసీయూల పద్ధతినే మార్చింది: ఒక్కో ఊపిరికి కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6 ఇచ్చినవాళ్లలో మరణాలు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. ఆ కిలోలు ఎత్తును బట్టి కట్టిన లెక్క. 170 సెంటీమీటర్ల మగమనిషికి ఒక్కో ఊపిరికి దాదాపు 400 మిల్లీలీటర్లు, అతని బరువు 60 అయినా 90 అయినా. లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు కదా. అందుకే పడుకున్న మనిషిని టేపుతో కొలుస్తారు.

"నీరసంగున్నడు, ఇంకో సీస ఎక్కియ్యండి" అని మనవాళ్లు బతిమాలుతుంటారు. ప్రేమతోనే, కానీ వద్దు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న 1000 మందిపై 2006లో వచ్చిన అధ్యయనంలో, షాక్ తగ్గాక నీళ్లు ఆచితూచి ఇచ్చినవాళ్లు మిషన్ నుంచి త్వరగా బయటపడ్డారు. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. డాక్టరు బయటికొచ్చినప్పుడు అడగాల్సింది ఇది: నిన్నటి నుంచి ఒంట్లోకి ఎంత ఎక్కింది, మూత్రంలో ఎంత పోయింది? ఆ లెక్క మంచం దగ్గరి చార్టులోనే రాసి ఉంటుంది.