విమాన దత్తాంశాల నమోదు, వెలికితీత, పఠనం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విమాన ప్రమాదాల దర్యాప్తులో ఫ్లైట్ డేటా రికార్డర్ అందించే దత్తాంశాలు కీలక సాక్ష్యాలు. యంత్రంలోని నమోదు సాక్ష్యంగా మారే క్రమాన్నీ, ఆ సాక్ష్యానికి గల పరిమితులనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బ్లాక్ బాక్స్, దత్తాంశం, నమోదు, వెలికితీత, ప్రమాద దర్యాప్తు.

1. ఉపోద్ఘాతం

బ్లాక్ బాక్స్ అని వ్యవహరించే పరికరం నిజానికి నారింజ రంగులో ఉంటుంది. శిథిలాల మధ్య సులువుగా కనిపించడానికే ఆ రంగు. 1953 మే 2న కలకత్తా సమీపంలో కామెట్ జెట్ విమానం కూలి, అందులోని 43 మందీ మరణించారు. 1954లో మరో రెండు కామెట్ విమానాలు మధ్యధరా సముద్రంలో కూలిపోయాయి. ఈ ప్రమాదాల కారణాన్వేషణలో పాల్గొన్న ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ వారెన్, పైలట్ల మాటలనూ పరికరాల సూచనలనూ భద్రపరిచే యంత్రం అవసరమని 1954లో ప్రతిపాదించారు. ఆయన తొలి నమూనా ఉక్కుతీగపై నమోదు చేసేది.

2. నమోదు విధానం

ఎత్తు, వేగం, దిశ, ఇంజిన్ల స్థితి, స్విచ్‌ల స్థానం వంటి అంశాలను సెన్సర్లు గ్రహిస్తాయి. వాటిని ఒక క్రమంలో కూర్చి రికార్డరుకు పంపుతారు. ఈ కూర్పుకు విరివిగా వాడే ప్రమాణం ఏరింక్ 717. ఇందులో ఒక్కొక్క 'పదం' 12 బిట్లు. ఒక సెకను నమోదు ఒక ఉపఖండం. నాలుగు ఉపఖండాలు కలిస్తే ఒక ఖండం. ప్రతి ఉపఖండం ఒక నిర్దిష్టమైన గుర్తుపదంతో మొదలవుతుంది.

అన్ని అంశాలూ ఒకే వేగంతో నమోదు కావు. నిలువు త్వరణం సెకనుకు 8 సార్లు నమోదైతే, కొన్ని అంశాలు సెకనుకు ఒకసారి, మరికొన్ని నాలుగు సెకన్లకు ఒకసారి మాత్రమే నమోదవుతాయి. రికార్డరులో కనీసం 25 గంటల దత్తాంశం నిలుస్తుంది. తరువాత పాతదానిపై కొత్తది చేరుతుంది. దత్తాంశాన్ని దాచే భాగం 1100 డిగ్రీల సెల్సియస్ మంటను గంటసేపు తట్టుకునేలా నిర్మిస్తారు.

3. వెలికితీత, పఠనం

రికార్డరు చెక్కుచెదరకుండా ఉంటే కేబుల్ ద్వారా దత్తాంశాన్ని నకలు తీస్తారు. దెబ్బతింటే లోపలి మెమరీ భాగాన్ని వేరుచేసి, అదే రకానికి చెందిన మరో పరికరానికి అనుసంధానిస్తారు. ఇలా లభించేది సున్నాలు, ఒకట్ల వరుస మాత్రమే. ఎన్నో పదంలోని ఏ బిట్లు ఏ అంశాన్ని తెలుపుతాయో, వాటిని అడుగులుగా, నాట్లుగా ఎలా మార్చాలో చెప్పే పత్రం ఆ విమానానికి సంబంధించినదే కావాలి. అది లేకపోతే, లిపి తెలిసినా భాష తెలియని శాసనాన్ని చదివినట్లే అవుతుంది.

పట్టికగా మార్చిన తరువాత కూడా జాగ్రత్త అవసరం. సెకనుకు ఒకసారి నమోదయ్యే మార్పు, పట్టికలో కనిపించే సమయానికి దాదాపు ఒక సెకను ముందే జరిగి ఉండవచ్చు. అటువంటి రెండు మార్పుల మధ్య ఒక సెకను తేడా కనిపిస్తే, వాస్తవమైన తేడా దాదాపు సున్నా నుంచి రెండు సెకన్ల వరకు ఎంతైనా కావచ్చు.

4. అహ్మదాబాద్ ప్రమాదం

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా బోయింగ్ 787-8 విమానం టేకాఫ్ అయిన కొద్దిసేపటికే కూలి 260 మంది మరణించారు. విమానంలోని రెండు రికార్డర్లలో వెనుకది తీవ్రంగా దెబ్బతినడంతో మామూలు పద్ధతిలో చదవడం సాధ్యం కాలేదు. ముందుదాని నుంచి జూన్ 25న ఢిల్లీలోని దర్యాప్తు సంస్థ ప్రయోగశాలలో దత్తాంశాన్ని వెలికితీశారు. సుమారు 49 గంటల విమాన దత్తాంశం, 2 గంటల ధ్వని లభించాయి.

రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు 'రన్' నుంచి 'కటాఫ్'కు ఒక సెకను తేడాతో మారాయనీ, సుమారు 10 సెకన్ల తరువాత మొదటిదీ, మరో 4 సెకన్లకు రెండవదీ తిరిగి 'రన్'కు వచ్చాయనీ జూలైలో వెలువడిన ప్రాథమిక నివేదిక పేర్కొంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, తాను ఆపలేదని మరొకరు బదులివ్వడం ధ్వనిలో ఉన్నాయి. ఎవరు ఏ మాట అన్నారో నివేదిక చెప్పలేదు.

ఇక్కడే దత్తాంశానికీ వ్యాఖ్యానానికీ గల భేదం స్పష్టమవుతుంది. దత్తాంశ రికార్డరుకు చేరేది స్విచ్ స్థితిని తెలిపే విద్యుత్ సంకేతమే కాని, దాన్ని కదిలించిన చెయ్యి కాదు. ఆ చేతి వెనుక ఉద్దేశం అసలే కాదు. అయినా నివేదిక వెలువడిన వెంటనే ఉద్దేశాల గురించి బహిరంగ చర్చ సాగింది. మరణించిన పైలట్లు తమ వైపు సమాధానం చెప్పుకోలేరు.

5. ముగింపు

నమోదు, వెలికితీత, పఠనం అనే మూడు దశలూ వేర్వేరు. మొదటి రెండూ యంత్రానికీ సాంకేతిక నైపుణ్యానికీ చెందినవి. మూడవది శిథిలాలు, ధ్వని, నిర్వహణ పత్రాలు మొదలైన ఇతర సాక్ష్యాలతో సరిపోల్చి సాగవలసిన వివేచన. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది అనే ప్రశ్నలకు రికార్డరు చాలావరకు సమాధానమిస్తుంది. ఎందుకు జరిగింది అనే ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది దర్యాప్తు. ఈ భేదాన్ని పాటించడం ప్రమాద కారణాన్ని తెలుసుకోవడానికే కాక, మరణించినవారికి న్యాయం చేయడానికి కూడా అవసరం.