పాత ఆటో కొంటున్నారా? ఇంజన్‌తో పాటు హ్యాండిల్ కూడా చూడండి

ఇంట్లో బంగారం కుదువ పెట్టి పాత ఆటో కొనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఇంజన్ శబ్దం అందరూ వింటారు. హ్యాండిల్ సంగతి కొన్నాకే తెలుస్తుంది.

బండి ఒక పక్కకి లాగుతుంటే ముందు టైర్లలో గాలి చూడాలి. వెనక రెండింట్లో సమానంగా లేకపోతే తక్కువ ఉన్న వైపు లాగుతుంది. గాలి సరిచేశాక కూడా లాగితే రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఆపండి. బ్రేకు డ్రమ్ములను తాకకుండా దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం. బ్రేకు వేసినప్పుడే లాగితే, రెండు వైపులా సెట్టింగ్ సమానంగా లేకపోవచ్చు.

హ్యాండిల్ వణుకుతుంటే ముందు చక్రాన్ని జాకీతో లేపించండి. చక్రాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక అంటోందా? స్టీరింగ్ బేరింగులో, చక్రం బేరింగో లూజై ఉంటాయి. హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో పట్టినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగు అరిగినట్టే. ఇవన్నీ మార్చుకోదగ్గవే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఫోర్కు మీద, ఛాసిస్ మీద అతుకు వెల్డింగ్ కనిపిస్తే మాత్రం యాక్సిడెంట్ బండి కావచ్చు. చవకగా ఇచ్చినా వద్దు. ఆర్సీలో ఛాసిస్ నంబరు కలిశాక, ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ చూశాకే బయానా ఇవ్వండి.

సరుకులో ఐబు దాచి అమ్మకూడదని ఇస్లాం చెబుతుంది. అందుకే అడగడానికి మొహమాటం వద్దు.